పల్లెల మీదుగా, ద్రాక్షతోటల మీదుగా యాత్ర: దారి నిర్ణయించుకొను విధము

యాసంగి నాట్లు ముగిసి, రెండవమారు యూరియా చల్లిన పిమ్మట కోతలవఱకు రైతునకు కొంత తీరిక చిక్కును. ఆ తీరికలో సంఘసభ్యులు కొందఱు కూడి బస్సు మాట్లాడుకొని యాత్రకు పోవుట మన సిద్దిపేట ప్రాంతమున వాడుకయే. తిరుపతి, శ్రీశైలము, వేములవాడ, భద్రాచలము దారులు అందఱకు తెలిసినవే. ఇటీవల కొందఱు సభ్యులు, ముఖ్యముగా యువకులు, వేఱొక ప్రశ్న వేయుచున్నారు. "దేవుని దర్శనము సరే. ఇతర గ్రామములవారు ఏమి పండించుచున్నారో, ఏమి నేయుచున్నారో, ఎట్లమ్ముకొనుచున్నారో చూచివచ్చుట కొక యాత్ర యేర్పఱుపరాదా? ఫ్రాన్సు దేశమున జనులు పల్లెలను, ద్రాక్షతోటలను చూచుటకే సెలవు పెట్టుకొని పోవుదురట కదా?" అని వారి ప్రశ్న. పోవుదురు, నిజమే. అచ్చట అట్టి దారులు ఎట్లేర్పడినవో, మన మట్టి దారిని ఎట్లు వేసికొనవచ్చునో యిచ్చట వివరించెదను.

ఫ్రెంచివారు తెలుగువారికి బొత్తిగా క్రొత్తవారు కారు. గోదావరీ తీరమందలి యానాము 1954వ సంవత్సరమువఱకు వారి యేలుబడిలోనే యుండెను. ద్రాక్షరసమును పులియబెట్టి చేయు వైను వారి భోజనములో నొక భాగము. బర్గండీ సీమయందు డిజాన్ పట్టణమునుండి సాంతెనే గ్రామమువఱకు తోటల నడుమ పోవు సుమారు 60 కిలోమీటర్ల బాటను 1937లో యాత్రికుల దారిగా ప్రకటించిరి. తూర్పు సరిహద్దున ఆల్సేస్ సీమలో 1953లో మఱొక దారి యేర్పడినది. అది మార్లెన్‌హైమ్ మొదలు తాన్ వఱకు సుమారు 170 కిలోమీటర్లు. ఈ దారుల కొఱకు క్రొత్తగా రోడ్డు వేయలేదు. ఉన్న గ్రామబాటలకే గుర్తుపలకలు నాటి, పటము అచ్చువేసి, పేరు పెట్టిరి. 1982లో కొన్ని పల్లెలు తమలో తాము కూడి 'ఫ్రాన్సులోని మిక్కిలి సుందర గ్రామములు' అను సంఘమును స్థాపించుకొన్నవి. 2000 మందికి మించిన జనసంఖ్య గల యూరు అందు చేరుటకు వీలులేదు. చిన్నదై యుండుటయే అచ్చట అర్హత.

సహకారులమగు మనము గమనింపదగిన దొకటి కలదు. ఆ దారులవెంట యాత్రికులు దిగు తావులలో అనేకములు సహకార సంఘములవే. ఆల్సేస్ సీమలోని రిబోవిల్లే గ్రామమున 1895లోనే ద్రాక్షరైతులు సహకార సంఘము పెట్టుకొనిరి. దక్షిణమున మరొసాన్ అను పల్లెలో 1901లో చిన్నరైతులు కూడి వైనును ఉమ్మడిగా అమ్మసాగిరి. ఆ కాలమున దక్షిణ సీమలో వైను ధర కూలిపోయి యుండెను. పంట యధికమగుట యొక కారణము. చక్కెర, నీళ్లు కలిపిన కల్తీ సరకు మఱొక కారణము. 1907లో రైతులు లక్షలకొలది వీధులకెక్కిరి. నార్బొన్ పట్టణమున సైనికులు కాల్పులు జరుపగా కొందఱు ప్రాణములు విడిచిరి. ఆ సంవత్సరమే జూన్ నెలలో కల్తీని అరికట్టు చట్టము వచ్చినది. అటుపిమ్మట దక్షిణమున ఊరూరను సహకార సాలలు లేచినవి. పండును పిండు యంత్రమును, తొట్లను, చల్లని నిలువగదులను ఒక్కొక్క చిన్నరైతు సమకూర్చుకొనలేడు గనుక పలువురు చేరి కట్టుకొనిరి. నేడు ఆ సాలవలన యాత్రికునకు కలుగు సౌకర్యము సామాన్యము కాదు. రైతు తోటలో పనిమీద నున్నను సాలలో గుమాస్తా యుండును. తలుపు తెఱచి యుండును. ధర పలకమీద వ్రాసి యుండును. అతిథికొఱకు ఏ రైతును పని మానుకొన నక్కఱలేదు.

అచ్చటికి పోవువారు పాటించు నియమములు కొన్ని చెప్పెదను. సెప్టెంబరు ప్రాంతమున ద్రాక్షకోత. ఆ వారములలో సాలవారికి మాట్లాడ తీరిక యుండదు. పల్లెలలో మధ్యాహ్నము 12 గంటలనుండి 2 గంటలవఱకు చాల యంగళ్లు మూసియుండును. ఆదివారము చెప్పనక్కఱయే లేదు. 170 కిలోమీటర్లను కారులో ఒక పూటలో దాటవచ్చును. అయినను తెలిసినవారు దానికి మూడు నాలుగు దినములు ఉంచుకొందురు. దినమునకు రెండు మూడు సాలలకంటె నెక్కువ చూడరు. రుచి చూచిన వైనును ఉమ్మివేయుటకు ప్రత్యేకముగ నొక పాత్ర పెట్టుట అచ్చటి మర్యాద. బండి తోలువాడు దాని నుపయోగించి తీరవలెను. ఈ మర్యాద మన కల్లు మండువలకు ఇంకను రాలేదు.

ఈ నియమముల కన్నిటికి మూల మొక్కటియే. దారిని పటము చూచి వేయరాదు. చూడబోవువారి పనికాలము చూచి వేయవలెను. ఫోనులోని పటము ఊరికి ఊరికి నడుమ దూరమును చెప్పును గాని, ఆ దినమున మగ్గము ఆడునో లేదో, తోటలో పండు ఉన్నదో కోసివేసిరో చెప్పదు. ఒకానొక సంఘమువారు రెండు దినములలో పదునొకండు స్థలములు చూచితిమని చెప్పుకొనిరి. ఏమి చూచితిరని యడుగగా వారికి జ్ఞప్తియందున్నవి బస్సు ఆగిన హోటళ్లు మాత్రమే.

కాలనిర్ణయమునకు ద్రాక్షనే మొదట తీసికొందము. ఫ్రాన్సున చలికాలమున ద్రాక్షతీగ ఆకురాల్చి నిద్రించును. వసంతమున చిగిర్చి సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పండును. మన వేడి దేశమున దానికట్టి నిద్ర లేదు. అది యేడాది పొడవున పెరుగుచునే యుండును. కావున మన రైతు దానికి కత్తెరతో కాలము నేర్పవలసివచ్చినది. ఫలము కోసిన పిమ్మట ఏప్రిల్ ప్రాంతమున ఒక కత్తిరింపు. ఇది కొమ్మ పెంచుటకు. అక్టోబరు ప్రాంతమున రెండవ కత్తిరింపు, ఇది గుత్తులకు. రెండవ కత్తిరింపు జరిగిన సుమారు నాలుగు నెలలకు, అనగా ఫిబ్రవరి, మార్చి నెలలలో, పండు చేతికందును. రెండుమార్లు కోసి ఒకమారు పంట తీయు నీ పద్ధతిని చూడగోరువారు పండుకాలమున నొకసారి, అక్టోబరులో నొకసారి పోవుట మేలు. ఒక్కసారియే పోగలిగినచో పండుకాలమే మంచిది. పిల్లలు కూడ సంతోషింతురు.

హైదరాబాదు చుట్టుప్రక్కల ఎఱ్ఱనేలలలో ఒకప్పుడు అనాబెషాహి ద్రాక్షకు గొప్ప పేరుండెను. 1890 ప్రాంతమున అబ్దుల్ బాఖర్ ఖానుగారు ఆ రకమును హైదరాబాదున ప్రవేశపెట్టిరని ఉద్యానశాస్త్రమువారు వ్రాసియున్నారు. పేరునకు రాజద్రాక్ష యని యర్థము. పొడవైన కాయ, లేత పసిమిరంగు, లోపల గింజ. పందిరిమీద దాని కాపు చూచిన పరదేశపు ద్రాక్షనిపుణులును ఆశ్చర్యపడిరి. కాని నీరు మిక్కుటముగా కోరును. తోలు పలుచనగుటచే దూరము పంపిన నలిగిపోవును. గింజలేని థామ్సన్ రకమును బజారు కోరసాగెను. అంతకంటె పెద్ద దెబ్బ నగరమునుండియే తగిలినది. ఎకరముల లెక్కను సాగైన తోటలు గజముల లెక్కను అమ్ముడుపోయి యిండ్ల స్థలములైనవి. మంచి తోట, మంచి బజారు, రెండును చేరువనే యున్నను భూమి ధర పంట విలువను మించినప్పుడు తోట నిలువదని ఇందువలన తెలియుచున్నది. కావున పాతపేరు నమ్మి ఏ తోటకును బస్సు తోలుకొని పోరాదు. నమ్మకముగ చూడదగినది రాజేంద్రనగరములోని ద్రాక్ష పరిశోధన స్థానము. పండుకాలమున అచ్చట ప్రజలను లోనికి రానిత్తురు, పండును అమ్ముదురు. ముందుగా ఫోనుచేసి ఏ వారమున కోత మొదలగునో తెలిసికొనవలెను.

తోటలో నిలిచినప్పుడు పండు తియ్యగానున్నదా యని మాత్రమే యడిగి రాకుడు. పందిరికి ఎకరమునకు ఎంత ఖర్చు? అది యెన్నియేండ్లు నిలుచును? కత్తిరింపు ఏ తేదీని చేసితిరి? బూజు తెగులునకు ఎన్నిమార్లు మందు కొట్టితిరి? కాయ కోయుటకు ముందు మందును ఎన్ని దినములకు ముందే ఆపితిరి? ఈ ప్రశ్నల జవాబులు వ్రాసికొని వచ్చినవానికి యాత్ర ఖర్చు గిట్టినట్లే. వేరుమొక్క సంగతియు అడుగవలెను. 1860 తరువాత అమెరికానుండి వచ్చిన వేరుపురుగు ఫ్రాన్సు తోటలను మాడ్చివేయగా, ఆ పురుగునకు తట్టుకొను అమెరికా వేరుమొక్కమీదనే తమ తీగను అంటుకట్టి వారు తోటలను నిలుపుకొనిరి. మనవారును నీటియెద్దడికి, చవుడునకు ఓర్చు డాగ్‌రిడ్జ్ అను వేరుమొక్కను వాడుదురు. అదియు అమెరికా జాతియే.

ఇక మన యింటి సంగతి. ఫిబ్రవరి చివర యాసంగి వరికి నీరు కట్టవలసియుండును గాని కూలీల పని తక్కువ. అయినను అసలు చిక్కు పొలము కాదు, పాడి. చేయి మారినచో బఱ్ఱె చేపదు. కావున మూడు దినముల యాత్ర యనగానే ఇంటిలో పాలు పితుకువారు ఆగిపోవుదురు. వారు సాధారణముగా స్త్రీలు. ఇట్లు జరిగిన యాత్రలో పురుషులు మాత్రమే దేశము చూచిన వారగుదురు. దీనికి ఒక యుపాయము కలదు. ఒకే బస్సు నింపుటకు బదులు పదునైదు దినముల యెడముతో రెండు జట్లు చేయవలెను. మొదటి జట్టులో పోవువారి పాడిని రెండవ జట్టులోని పొరుగువారు చూతురు. తరువాత వీరి పాడిని వారు చూతురు. బయలుదేరుటకు వారము ముందునుండియే పొరుగింటి యామె రోజు కొకపూట వచ్చి పితికినచో బఱ్ఱెకు చేయి అలవాటగును. ఈ యేర్పాటు కుదిరిన పిమ్మటనే బస్సు మాట్లాడవలెను.

దారిని చెప్పెదను. సిద్దిపేటనుండి బయలుదేరి సుమారు 400 కిలోమీటర్లు చుట్టి సిద్దిపేటకే చేరు వలయము. మూడు దినములు, రెండు రాత్రులు. బుధవారము పోయి శుక్రవారము వచ్చుట మంచిది. ఆదివారమున సంఘకార్యాలయములు, పరిశోధన స్థానములు మూయబడును. సంక్రాంతి మొదలు ఉగాదివఱకు ఆదివారములందు కొమురవెల్లి మల్లన్న జాతరచే ఆ దారులన్నియు నిండియుండును. రెండేండ్ల కొకమారు మాఘమాసమున మేడారము జాతర వచ్చును. ఆ వారమున హనుమకొండవైపు బస్సు దొరకదు, బస దొరకదు.

మన జిల్లాలోని చిన్నకోడూరు మండలపు చంద్లాపూరు గ్రామమును, జనగామ ప్రక్కనున్న పెంబర్తిని 2023లో కేంద్ర పర్యాటక శాఖవారు ఉత్తమ పర్యాటక గ్రామములుగ ఎన్నుకొనిరి. చంద్లాపూరున రంగనాయకసాగర జలాశయము, గుట్టమీది రంగనాయకస్వామి గుడి, గొల్లభామ చీరల నేత ప్రసిద్ధములు. అది మన వాకిటిలోనిదే గనుక యాత్రలో కలుపనక్కఱలేదు. ఒక సాయంకాలము పోయి రావచ్చును. పరదేశీయులు వచ్చి చూడదగినదని ప్రభుత్వము గుర్తించిన యూరిని చుట్టుప్రక్కలవారు చూడకుండుట మాత్రము వింత.

మొదటి దినము హుస్నాబాదు మీదుగా ముల్కనూరు. ఉదయము పితుకుడు ముగించుకొని బయలుదేరినను పది గంటలలోపల చేరవచ్చును. అచ్చట 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు స్థాపించిన సహకార గ్రామీణ బ్యాంకు సభ్యునకు అప్పిచ్చుటతో తన పని తీరినదనుకొనలేదు. ఎరువు నిచ్చును, విత్తనవరి పండించి శుద్ధిచేసి అమ్మును, ధాన్యము కొనును, మర పట్టించును, ప్రత్తి గింజ తీయించును. అప్పు, పంట, అమ్మకము మూడును ఒక్కచోట ముడిపడుటచే బాకీ వసూలు సులభమగుచున్నది. స్త్రీల పాల సహకార సంఘము ప్రత్యేకముగ కలదు. మన జట్టులోని స్త్రీలు దానినే ముందు చూడగోరుదురు. ఈ యూరికి దినమంతయు ఇయ్యవలెను. మన సంఘములలో తీరని తగవులనేకములు అచ్చట ఎట్లు తీరినవో లెక్కపుస్తకము ముందు పెట్టుకొని యడుగుట యొక గంటలో కాదు. రాత్రికి హనుమకొండ, వేయిస్తంభముల గుడిని సాయంకాలమున చూడవచ్చును.

రెండవ దినము ఉదయము పెంబర్తి. ఇత్తడి రేకును మెత్తని లక్కమీద పఱచి, ఉలి సుత్తెలతో తట్టి బొమ్మ లేపుదురు. ఈ పని గుళ్ల వాహనములకు, తలుపులకు, కలశములకు ఉపయోగించును. రెండు గంటలు చాలును. అచ్చటినుండి పోచంపల్లి, ఆ రాత్రి అచ్చటనే యుండవలెనని నా గట్టి యభిప్రాయము. 1951 ఏప్రిల్ 18వ తేదీని వినోబా భావేగారి యెదుట వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱు ఎకరములు దానమిచ్చినది ఈ యూరిలోనే. భూదానోద్యమ మచ్చటనే పుట్టినది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థవారు దీనిని ప్రపంచపు ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగ ప్రకటించిరి. నూలును నేయకముందే ముడులు కట్టి రంగులలో ముంచుట ఈ నేతలోని విశేషము; మగ్గముమీద చీరలో కనబడు పువ్వు అంతకుముందే దారములో దాగియుండును. దానికి ముందు ఆసు పోయవలెను, అనగా మేకులచుట్టు దారమును వేలసార్లు చేతితో త్రిప్పవలెను. ఈ పని స్త్రీలది. దీనివలన భుజములు పడిపోవుచుండెను. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు తల్లి పడిన యీ బాధను చూచి 1999లో ఆసు యంత్రమును తయారుచేసిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించినది. పెద్ద చదువు లేని చేనేత బిడ్డ చేసిన యంత్రము నేడు ఆ సీమలో పలు ఇండ్ల తిరుగుచున్నది. మన బాలురకు దీనిని తప్పక చూపవలెను.

పల్లెలోనే రాత్రి యుండుమనుటకు మఱొక కారణము కలదు. ఫ్రెంచివాని ద్రాక్షసాలకు మన పల్లెలో సరియైనది గీతకార్మికుని తాటివనము. తెల్లవారకముందే పోయినచో గీతకాడు చెట్టెక్కి దింపు నీరాను చూడవచ్చును, త్రాగవచ్చును. ప్రొద్దెక్కినకొలది అది పులిసి కల్లగును. కుండలోపల సున్నము పూసినచో పులియుట ఆగును. 2023లో హైదరాబాదున ప్రభుత్వము నీరా విక్రయకేంద్రమును తెఱచినది. గీతకార్మికులకును సహకార సంఘములు కలవు. నేను మిషనరీ బడిలో చదివినవాడను గనుక కల్లు విషయమున నా సలహా సభ్యులు ఊహించుకొనవచ్చును. నీరా విషయమున నాకు ఆక్షేపణ లేదు.

మూడవ దినము ఉదయమే బయలుదేరి రాజేంద్రనగరము; ఎండ ముదరకముందు తోట. మధ్యాహ్నము రాజీవు రహదారి పట్టి మన జిల్లాలోని ములుగు చేరవలెను. అచ్చట శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయము కలదు. తోటలో పుట్టిన సందేహములు అక్కడ తీర్చుకొనవచ్చును. పిదప గజ్వేలు. మల్లన్నసాగర జలాశయమున వేములఘాటు, పల్లెపహాడు, ఏటిగడ్డ కిష్టాపూరు మొదలగు పల్లెలు మునిగినవి. ఆ యూళ్లవారు అనేకులు గజ్వేలు ప్రక్క పునరావాస కాలనీలో నున్నారు. 50 టీయంసీల ఆ జలాశయము 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. మన సభ్యులలో పలువురకు అచ్చట చుట్టరికములు కలవు. సుందర గ్రామములు చూచి వచ్చు దారిలో, ఊరు పోయినవారి యింట ఒక గడియ కూర్చుండి, కొత్తచోట వారికి భూమి యెట్లు, బ్రతుకుతెరు వెట్లు అని యడిగి రావలెను. వేడుక చూచుటకుగాక చుట్టములుగ పోవలెను. చేతిలో ద్రాక్షపండ్లు ఉండనే యుండును.

దీనికి కొమురవెల్లి కలుపుడు, చేర్యాల బొమ్మలు కలుపుడు, కొలనుపాక జైనమందిరము కలుపుడు అని పలువురు చెప్పుదురు. అన్నియు చూడదగినవే. కాని ఒకటి కలిపినచో ఒకటి తీసివేయవలెను. దినమునకు రెండు తావులు. ఈ కట్టుబాటు తప్పినచో మిగిలినదంతయు తప్పును.

డబ్బు సంగతి. సంఘ నిధిని దీనికి తాకకుండుట మేలు. ఎవరి భాగము వారు ముందుగా చెల్లింపవలెను. లెక్కలో బస్సు, బస, భోజనము అను మూడు పద్దులేగాక ఆతిథేయుల పద్దు నాలుగవది వ్రాయవలెను. మన జట్టు నిలిచినంతసేపు నేతగాని మగ్గము ఆగును. ఆ పూట కూలి వానికి మనము బాకీయే. భోజనమును దారిలోని హోటలులో గాక గ్రామపు స్త్రీల పొదుపు సంఘమువారికి రెండు దినములు ముందుగా చెప్పి వండించుకొన్నచో ఖర్చు పెరుగదు, ధనము ఊరిలోనే నిలుచును. బేరమాడవద్దనను, మార్కెట్టు యార్డులో మన ధాన్యమునకు ఎట్టి బేరము జరిగినప్పుడు మనకు కష్టముగా తోచునో, అంతకు తగ్గించి చీరను అడుగవద్దని మాత్రమే చెప్పుదును.

బయలుదేరుటకు వారము ముందు నాలుగు చోట్లకును ఫోనుచేసి, ఎందఱు వచ్చెదరో, ఏ గంటకో చెప్పి, బయలుదేరు ముందునాడు మఱల నొకసారి అడుగవలెను. వడగండ్లు పడినవారమైనచో తోటకు పోవుట మానవలెను. ద్రాక్ష కొనదలచినవారు సంచులు తీసికొనిపోరాదు. వెడల్పాటి వెదురుబుట్టలో వరిగడ్డి పఱచుకొని పోయి, గుత్తులను ఒక్క వరుసగ పేర్చి, బస్సులో వెనుకసీటుమీద గాక ముందుభాగమున, కుదుపు తక్కువగ నుండుచోట పెట్టుకొనవలెను.